గిలాబు లేని ఇల్లు

మా మామ పోయాడన్న ఫోను నాకు జుబైల్‌లో వచ్చింది. రిఫైనరీలో షట్‌డౌన్ పని మీద అక్కడ ఉన్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే దమ్మాంలో మా రూములో మామ పక్క మంచం మీద పడుకునే డ్రైవరన్న చేశాడు. కడప ఆయన. "భయపడాకబ్బా" అని మొదలుపెట్టాడు. ఆ మాటతో మొదలైన ఫోను ఎటు పోతుందో ఇక్కడ బతికేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట. తనే చెప్పులేసుకుని నడిచి కారెక్కాడట. ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి డాక్టరు వచ్చేలోగా అయిపోయిందట. నేను డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. పక్కనున్నవాళ్లు ఏమైందని అడిగితే "మా మామ" అన్నాను.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. జగిత్యాల పక్కన మా ఊరు. తాపీ పనిని మా వైపు సుతారి పని అంటాం, అది నేర్చుకుని మీసాలు సరిగ్గా రాకముందే సౌదీ వచ్చాడు. అరవై నిండుతుండగా వెళ్లిపోయాడు. మధ్యలో ఉన్న జీవితమంతా ఇక్కడే అయింది. నన్ను ఇక్కడికి తెచ్చింది కూడా ఆయనే. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే "గీతలు గీసుడు వచ్చినోడు గింత ఖాళీగ ఉంటడా" అని వీసా పంపించాడు. ఆ మేలు గురించి రాస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది, ఎందుకంటే ఆయన దాన్ని మేలు అనుకోలేదు, నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేను రాయాలనుకున్నది ఆయనకూ ఒక కట్టడానికీ ఉన్న సంబంధం. మామ గురించి ఏం మొదలుపెట్టినా చివరికి గోడ దగ్గరికే పోతుంది, నేనేం చేయను.

దమ్మాంలో సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక పాత ఆఫీసు ఉంది. నేను పుట్టకముందు ఒక అమెరికా ఆర్కిటెక్ట్ గీసిన బిల్డింగు. ఆయన పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. మామ ఆ పేరును మూడు రకాలుగా పలికేవాడు, మూడూ తప్పే, చివరికి "అమెరికా పెద్దమనిషి" దగ్గర స్థిరపడ్డాడు. నేనూ అదే అంటాను. గోడకు రంగు వద్దు, పైన రాయి అతికించొద్దు, కాంక్రీటు కాంక్రీటులాగే కనపడాలి అని పట్టుబట్టినవాళ్లలో ఆ పెద్దమనిషి ఒకడు. ముందు వైపు సన్నగా లేచి, పైకి పోయేకొద్దీ విచ్చుకుని, ఒకదాన్నొకటి కలుసుకునే స్తంభాలు. వాటి వెనక నీడలో పొడుగాటి వరండా. కిటికీలు గోడలోకి బాగా లోపలికి జరిగి ఉంటాయి, ఎండ అద్దం మీద పడదు. ఆ తరవాత ఖోబర్ నుంచి ఇటు జుబైల్ దాకా ఆ స్తంభాలను చూసి చాలామంది కట్టుకున్నారు. పెట్రోలు బంకులు, పెళ్లి హాళ్లు, ఒక ఫర్నిచర్ షాపు కూడా. కాకపోతే అందరూ పైన తెల్లరంగు కొట్టేశారు. కారులో వాటి పక్క నుంచి పోయేటప్పుడు మామ తల తిప్పుకుని "కాపీ కొట్టుడు గూడ రాలె" అని గొణిగేవాడు.

మామ ఈ దేశంలో దిగింది ధహ్రాన్ పాత ఎయిర్‌పోర్టులో. అది కూడా ఒక అమెరికా ఆర్కిటెక్ట్ గీసిందే. వరసగా కమానులు, ఎండను జల్లెడ పట్టే గోడలు, ఈ రోజుకు కూడా పుస్తకాల్లో బొమ్మలు వేసి చెబుతారు. ఎట్లుండె మామా అని ఒకసారి ఆశగా అడిగాను. "నేనేడ జూసిన్రా. నా పేరు బోర్డు పట్టుకున్నోడు దొరుకుతడో లేదో అని మనుషుల మొఖాలు జూసుకుంట బయటికొచ్చిన" అన్నాడు. ఇప్పుడది మిలటరీ వాళ్ల ఆవరణలో ఉంది, మనబోటివాళ్లు పోయి చూసే వీల్లేదు. ఈ విషయంలో ఆయన తనను తాను తిట్టుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

ఇక ఆ ఆఫీసు కథ. రూములోకి కొత్తగా ఎవరొచ్చినా మామ ఈ కథ చెప్పేవాడు, తన తెలివితక్కువతనాన్ని ఏమాత్రం తగ్గించకుండా.

వచ్చిన కొత్తలో కంపెనీ ఆయన్ను పెట్టింది ఆ బిల్డింగు మరమ్మతులో. సముద్రపు గాలికి ఉప్పు లోపలికి దిగి, ఇనుము తుప్పు పట్టి, అక్కడక్కడ కాంక్రీటు పెచ్చులుగా లేచిపోయింది. పెచ్చులు తీసి, ఇనుము గీకి, కొత్త సిమెంటు మాలు పెట్టి పూడ్చాలి. అంతే పని. పూడ్చాక చూస్తే చొక్కాకు అతుకులు వేసినట్టుంది. మామకూ, ఆయనతో ఉన్న నిర్మల్ వాళ్లిద్దరికీ అది నచ్చలేదు. అసలు వాళ్లకు మొదటిరోజు నుంచే ఆ బిల్డింగు మీద జాలి. ఇంత పెద్ద ఆఫీసు కట్టి గిలాబు చేయించకుండా వదిలేశారేమిటని. ప్లాస్టరింగును మేము గిలాబు అంటాం. గిలాబు లేని గోడ మా దగ్గర ఒకే ఒక్క సంగతి చెబుతుంది, ఇల్లుగలాయన చేతిలో పైసలు అయిపోయాయని. పాపం అరబ్బులక్కూడా మధ్యలో ఇబ్బంది వచ్చినట్టుంది అనుకున్నారు ముగ్గురూ.

శుక్రవారం సెలవు. ఫోర్‌మన్ లేడు. సిమెంటు మిగిలి ఉంది, స్కాఫోల్డింగ్ విప్పలేదు. ముగ్గురూ కూడబలుక్కుని, ఎవరూ అడక్కుండానే, గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాలకు కింది నుంచి పై దాకా గిలాబు చేసేశారు. మామ చెయ్యి మంచిది. ఈగ వాలితే జారేటట్టు చేశామని చెప్పేవాడు. సెలవు రోజు, కూలి లేని పని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. మన పేరు నిలబడాలని.

మర్నాడు పొద్దున లెబనాన్ ఇంజనీరు వచ్చాడు. ఆ బిల్డింగును చూసుకునే ఆయన, పెద్ద వయసు. గుమ్మం ముందు కారు దిగి కదలకుండా నిలబడ్డాడు. ఎవరు చేశారని అడిగాడు. మామ ముందుకొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. బక్షీస్ ఇస్తాడనుకున్నాడు. ఇంజనీరు పక్కనున్న సిమెంటు బస్తా మీద కూలబడిపోయాడు.

"తిడితే బాగుండు అనిపిచ్చింది రా అల్లుడా. తిట్టలె. లేచొచ్చి నా చెయ్యి పట్టుకోని, గిలాబు చేయని స్తంభం మీద పెట్టిండు. పెట్టి గట్టిగ ఒత్తి కిందికి గుంజిండు."

అరచేతి కింద చెక్క తగిలిందట. పలక పక్కన పలక, మధ్యలో సన్నటి గీత, చెక్క నారలు, ముడి ఉన్నచోట ముడి, మేకు కొట్టినచోట మేకు తల. అంతా సిమెంటులో. పాకిస్తాన్ ఫోర్‌మన్ ఉర్దూలో చెప్పాడు. అమెరికా పెద్దమనిషి ఈ గుర్తుల కోసం పోతకు కట్టే చెక్క పలకలను ఒక్కొక్కటే ఏరించాడట, ఏ పలక పక్కన ఏ పలక రావాలో నిలబడి చెప్పాడట. కాంక్రీటు గట్టిపడ్డాక పలకలు ఊడదీస్తే మిగిలింది ఇదట. దీన్ని దాచేయడమంటే ఆయన చేసిన పనంతా దాచేయడమేనట. ఇన్ని రోజులు ఆ స్తంభాల పక్కనే ఉండి తనకు ఒక్క గీత కనపడలేదని మామ చెప్పేవాడు. గిలాబు కోసం ఎదురుచూస్తున్న గోడగానే చూశాడు.

కంపెనీ ముగ్గురికీ ఖురూజ్, అంటే ఎగ్జిట్ వీసా, కొట్టి ఇంటికి పంపేస్తానంది. అడ్డం పడింది ఆ ఇంజనీరే. పెట్టినవాడే తీయాలి, వేరేవాడు తీస్తే కింద గీతలు కూడా పోతాయి అన్నాడు. అలా ముగ్గురి ఉద్యోగాలూ నిలబడ్డాయి. మామ చిన్న ఉలితో, కొన్నిచోట్ల గోటితో, తను పెట్టిన గిలాబును తనే వారాల తరబడి తీశాడు. గీతలు చెడిన చోట పచ్చి మాలు పెట్టి పాత పలక ముక్కలు ఒత్తాడు. ఆ పనిలోనే ఆయనకు ఆ స్తంభాలతో పరిచయమైంది. ఒక ముడి గుర్తు, గుడ్డి కన్నులా ఉండేది, మూడు స్తంభాల మీద కనిపించింది. అంటే అదే పలకను ఊడదీసి మళ్లీ మళ్లీ వాడారన్నమాట. "ఈ పలక ఈడ పని జేసి ఆడికి పోయింది, ఆడికెల్లి ఇంకోతానికి పోయింది. మన లెక్కనే" అని నాకు చూపించాడు.

మరమ్మతు అయిపోయాక అడిగి మరీ ఆ బిల్డింగు మెయింటెనెన్సులో చేరాడు. కాంట్రాక్టులు మారాయి, కఫీళ్లు, అంటే వీసా ఇచ్చే యజమానులు, మారారు, మామ మాత్రం అక్కడే. గోడకు పోస్టర్ అతికించనివ్వడు. ఏసీ వాళ్లు డ్రిల్లు తీసుకొస్తే వెనకే తిరిగేవాడు, వాళ్లకు విసుగు పుట్టేదాకా. గోడను చూడమంటే చేత్తో చూసేవాడు. "కండ్లకు తొందరెక్కువ" అనేవాడు. నేను గీసిన డ్రాయింగులో కొలత తప్పి, పరవాలేదు ప్లాస్టరింగులో కలిసిపోతుందిలే అని ఫోనులో ఎవరితోనైనా అంటే దూరం నుంచే వినేవాడు. "గిలాబు తప్పు జేసినోనికి దోస్తు రా" అనేవాడు. ఇది ఎంత నిజమో చెప్పడానికి నా సర్వీసు మొత్తం సరిపోతుంది.

అప్పుడప్పుడు ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఆ బిల్డింగు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఫొటోలు తీసేటప్పుడు మామను స్తంభం పక్కన నిలబడమనేవాళ్లు. మనిషి ఉంటే స్తంభం ఎంత ఎత్తో తెలుస్తుందట. మామ రెండు చేతులూ తొడలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆధార్ ఫొటోకు దిగినట్టు నిలబడేవాడు. "నన్ను కొలతకు పెట్టుకున్నరు" అని రూములో గొప్పలు పోయేవాడు. డ్రైవరన్న ఊరుకునే రకం కాదు. "అయితే అన్నా, నువ్వు పొట్టోడివి గాబట్టి బిల్డింగు పెద్దగ కనబడతాది, అందుకే నిన్ను పెట్టినారు" అనేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఇంతవరకూ అంతా సరదానే. చిక్కు వచ్చింది సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు.

ఊళ్లో జాగా కొని, ఇల్లు కట్టాలనుకుని, నన్ను డ్రాయింగు గీయమన్నాడు. నాకు అప్పుడే అర్థమైంది ఏం రాబోతుందో. ముందు వరండా, వరండాకు విచ్చుకునే స్తంభాలు నాలుగు, కిటికీలు లోపలికి, ఎక్కడా గిలాబు లేదు. సెలవు మీద పోయి సెంట్రింగు పలకలు తనే ఏరి, పోత పోయించి వచ్చాడు. మిగతాది ఫోనులో చూస్తూ చేయించాడు. నిజం చెప్పాలంటే ఇల్లు బాగా వచ్చింది. ఫొటో చూసి నాకే కుళ్లు పుట్టింది.

ఊరికి మాత్రం వేరే కనిపించింది. సౌదీలో మామ పని పోయిందని, గిలాబుకు పైసల్లేక ఇల్లు అలా వదిలేశాడని. ఒకరిద్దరు కాదు, ఊరు ఊరంతా అదే అనుకుంది. ఒకప్పుడు ముగ్గురు మనుషులు దమ్మాంలో ఒక ఆఫీసును చూసి పడ్డ జాలి ఇప్పుడు ఊరంతా కలిసి మామ ఇంటి మీద పడింది. మా పెద్దనాన్న అయితే ఫోను చేసి, ఎవరికీ చెప్పను, ఎంత కావాలో అడుగు అన్నాడు. మామ నవ్వి ఊరుకున్నాడు. అత్త నవ్వలేకపోయింది.

మా రూములో గోప్యం ఉండదు. అత్త ఫోను చేసినప్పుడు మామ చేతిలో ఉల్లిగడ్డలో, బట్టల సబ్బో ఉండేది, స్పీకర్ పెట్టేవాడు, అందరం వినేవాళ్లం.

"ఇంట్ల చల్లగనే ఉంటది. ఎండకాలం గూడ ఫ్యాను బందు జేసుకోని పంటున్న. అది కాదు నా బాధ."

"మరేంది?"

"బోరింగు కాడ గిన్నెలు తోముతుంటే ఒక్కలు గూడ సక్కగ మాట్లాడుతలేరు. పాపం అన్నట్టు మాట్లాడుతుండ్రు. కూర తెచ్చి ఇస్తుండ్రు. నేను తీసుకుంటే గరీబుదాన్ని, వద్దంటే గీరదాన్ని."

"డిజైన్ అని చెప్పు."

"చెప్పిన. నవ్విండ్రు. నువ్వు ఆడుంటవు. ఈ గోడల ముందట నిలబడేది నేను."

మామ చేతిలో కత్తి ఆగింది. మాలో ఎవరికీ ఆ మాట కొత్త కాదు, ఇంటి నుంచి ఏదో ఒక రూపంలో అందరం విన్నదే. డ్రైవరన్న తన మంచం మీద నుంచే "అక్క చెప్పేది న్యాయమే గదన్నా" అన్నాడు. మామ అటు చూడలేదు గానీ తల ఊపాడు.

"ఇగో ఇను" అన్నాడు ఫోనులోకి. "నేను ఖురూజ్ కొట్టిచ్చుకోని వస్త. ఒక్క ఏడాది నాతోని ఆ ఇంట్ల ఉండు. ఎవలకేం చెప్పాల్నో నేనే చెప్త. ఏడాది అయినంక గూడ నీకు మనసుల మంచిగ లేకపోతే, ఇంకొకన్ని పిలువ. నా చేత్తోని నేనే గిలాబు జేస్త."

"మాటనేనా?"

"మాటనే."

ఆ తరవాత అత్త గిలాబు ఊసెత్తలేదు. ఎప్పుడొస్తవని మాత్రం అడిగేది. మామ వస్తా వస్తా అంటూ ఇద్దరు పిల్లల చదువులు, బిడ్డ పెళ్లి దాటించాడు. ఈ ఏడాది నిజంగానే కంపెనీకి చెప్పేశాడు, ఎండలు తగ్గాక ప్రయాణం అనుకున్నాం. సూక్ బజారుకు పోయి మంచి తాపీ ఒకటి కొన్నాడు. ఎందుకు మామా, నువ్వు గిలాబు చేయవు గదా అంటే, "చేయనని నేనేడన్న? ఆమెకు నచ్చకపోతే చేయాల్నాయె" అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. ఆ స్తంభాలను ఎంత ఇష్టపడ్డాడో నాకు తెలుసు. అత్త గెలిస్తే వాటిని తన చేతులతోనే కప్పేస్తాడని కూడా నాకు తెలుసు. మామ అంటే నాకున్న గౌరవంలో సగం ఆ ఒక్క మాట వల్లే.

కాగితాల పనులు అయ్యి మామ ఉన్న పెట్టె కదలడానికి రెండు వారాలు పట్టింది. ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు, నా ఇకామా, రెన్యువల్‌లో ఉంది, వెంట పోలేకపోయాను. హైదరాబాదులో పెట్టెను తీసుకోవడం, ఊరికి చేర్చడం, కట్టెల దాకా మోయడం, అన్నీ మా బామ్మర్ది, అంటే మామ కొడుకు, ఫోను ఎవరికో ఒకరికి ఇచ్చి నాకు చూపించాడు. డ్రైవరన్నా నేనూ ఒక మంచం మీద కూర్చుని చూశాం. ఎదురుగా మామ మంచం ఖాళీగా ఉంది. నేను ఏడ్చాను. డ్రైవరన్న నా కన్నా ఎక్కువ ఏడ్చాడు.

దినాలకు ముందు ఇంటికి సున్నం వేయడం మా వైపు ఆనవాయితీ. చావు జరిగిన ఇంట్లో సున్నం పడకుండా దినాలు చేయరు. ఆ పొద్దున బామ్మర్ది ఫోను చేసి, "బావా, నువ్వొక్కసారి చూడు. ఈడ పెద్ద లొల్లి అయితుంది" అని కెమెరా తిప్పాడు. వరండా ముందు చుట్టాలు నిలబడ్డారు. సున్నం వేసే మనిషి బకెట్ పెట్టుకుని కూర్చున్నాడు. మా పెద్దనాన్న గొంతు వినపడుతోంది. "ఎట్లాగూ పని పెట్టుకున్నం. సుతారోళ్లను నేను పిలిపిస్త. ముందుగాల గిలాబు జేపిచ్చి మీదికెల్లి సున్నం కొట్టిద్దాం. ఆడిమనిషి ఇన్నేండ్లు మొత్తుకున్నది. ఇప్పటికన్న ఇంటికి ఇంత కళ రానీయుండ్రి."

అందరూ అత్త వైపు చూశారు. నేను కూడా ఇక్కడి నుంచి అత్త వైపే చూశాను. ఆమె అడిగిందే ఇప్పుడు అందరూ ఇస్తామంటున్నారు. తీసుకుంటే తప్పు పట్టేవాళ్లెవరూ లేరు. నేనూ పట్టను.

"సున్నం ఎయ్యాలె గద. ఎయ్యుండ్రి" అంది అత్త. "గిలాబు వద్దు. అది ఆయన జేస్తనన్న పని. ఆయన లేడు. ఇంకొకలు ముట్టద్దు."

సున్నం మనిషి లేచి మొదటి స్తంభానికి కుంచె పెట్టాడు. తడి సున్నం పడుతుంటే ఏమీ తెలియలేదు, బూడిదరంగు మీద నీళ్లు పోసినట్టే ఉంది. ఆరడం మొదలయ్యాక కింది నుంచి తెల్లబడుతూ వచ్చింది. పొద్దుటి ఎండ పక్కనుంచి పడుతోంది. ఆ తెలుపులో పలకల గీతలు, నారలు, మేకు తలలు, ఒక్కొక్కదానికీ సన్నటి నీడ పుట్టి, బూడిదరంగులో ఎన్నడూ కనపడనంత స్పష్టంగా లేచాయి. సున్నం మనిషి రెండడుగులు వెనక్కి వచ్చి చూసి, తన పనిలో లోపమనుకున్నాడు.

"గీతలు తేలుతున్నయమ్మా. ఇంకో రెండు కోట్లు కొడితె మునుగుతయ్."

అత్త కాసేపు ఆ స్తంభాన్ని చూసింది. ఊళ్లోవాళ్లు నలుగురైదుగురు ఆమె వెనకే నిలబడి చూస్తున్నారు.

"ఒక్క కోటు చాలు" అంది.

అతను బకెట్ తీసుకుని రెండో స్తంభం దగ్గరికి జరిగాడు. బామ్మర్ది ఫోను అలాగే పట్టుకుని ఉన్నాడు. మేమిద్దరం దమ్మాంలో మంచం మీద కూర్చుని, అదీ ఆరేదాకా చూశాం.